కచేరీకి కాణాచి లేదు



ఏటా సమర్పించవలసిన జీవన ప్రమాణపత్రం కోసం గత మాసం మా పట్టణంలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాను. ఇంట్లో కూర్చుని ఫోనులోనే ఆ పని ముగించవచ్చునని మా అబ్బాయి చెప్పాడు గాని, ముప్పైమూడేళ్ళు సుద్దముక్క పట్టి అరిగిన నా వేలిముద్రలను ఆ యంత్రం ఎంతకూ గుర్తుపట్టలేదు. సరే, మనిషినే చూపించి వద్దామని బయలుదేరాను. తీరా వెళితే పాత కార్యాలయం గేటుకు తాళం. దానిమీద అట్టముక్క: "ఆఫీసు మార్చబడినది". ఎక్కడికి మార్చబడినదో రాయలేదు. కర్మణి ప్రయోగంలో ఉన్న సుఖమే అది. కర్త కనిపించనక్కరలేదు, గమ్యం చెప్పనక్కరలేదు. పక్కనున్న జిరాక్సు దుకాణం కుర్రవాడు దారి చెప్పాడు. బజారులో ఎరువుల కొట్టుమీది అంతస్తు. ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. నాకంటే పెద్దవారు, కర్ర ఊతంతో నడిచే ఒక ముసలాయన, కింది మెట్టుమీదే కూర్చుండిపోయి, "నేను బతికే ఉన్నానని పైవాళ్ళకు చెప్పండి బాబూ" అంటున్నారు. నవ్వవలసిన మాటే, నాకు నవ్వు రాలేదు.

పైన నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డవాడు నా పూర్వవిద్యార్థి, అక్కడ అటెండరు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, కాగితాలు తానే లోపలికి తీసుకువెళ్ళాడు. కిందనున్న పెద్దాయన దగ్గరకు రిజిస్టరు పట్టుకెళ్ళి సంతకం పెట్టించుకు వచ్చాడు కూడా. తీరిక చిక్కాక అడిగాను.

"ఈ మేడ ఎవరిదిరా?"

"ఎరువుల కొట్టాయనదండి. పాత ఇంటాయన బకాయిలు తేలక తాళమేశాడండి."

"ఆ కంప్యూటర్లు?"

"ఏజెన్సీవండి, నెలసరి అద్దెకు."

"కిందనున్న కారు?"

"అదీ అద్దెదేనండి."

"మరి నువ్వు?"

"నేనూ అంతేనండి మాస్టారూ. అవుట్‌సోర్సింగు. నాకు జీతమిచ్చేది ఈ ఆఫీసు కాదండి, కంట్రాక్టరు. మూడు నెలలైంది."

"అయితే ఇక్కడ ప్రభుత్వానిది ఏదిరా?"

వాడు కాసేపు ఆలోచించి, "రబ్బరు ముద్ర మాస్టారూ" అన్నాడు.

ఆ మాట నన్ను నెల రోజులుగా వదలడం లేదు. ఈ టపాకు అదే కారణం.

మన భాషలో కచేరి అంటే రెండర్థాలు: సర్కారు కొలువు ఒకటి, పాటకచేరి ఒకటి. పాటకచేరికి సొంత ఇల్లు అక్కరలేదు. ఈవేళ ఈ పందిట్లో, రేపు ఆ గుడిలో. సర్కారు కచేరీ కూడా అలాగే ఊరేగుతుంటే పౌరుడు ఎక్కడికి పోవాలి? కాణాచి అని మనకొక చక్కని మాట ఉంది. తరతరాలుగా సంక్రమించిన, ఎవరూ లేవగొట్టలేని స్థిరస్థానం. పోతురాజుకు ఊరి పొలిమేర కాణాచి, కొంగలకు చింతచెట్టు కాణాచి. ప్రజల ప్రభుత్వానికి మాత్రం ఎరువుల కొట్టుమీది అంతస్తు!

ఇది కొత్త జాడ్యం కాదు. ఒకనాడు గ్రామాల్లో కరణంగారి ఇల్లే కచేరీ. ఊరి భూముల లెక్కలన్నీ ఆయన పడకటింటి భోషాణంలో ఉండేవి. అడంగలు చూడాలంటే ఆయన నిద్రలేవాలి. ఆయన దయ మన భాగ్యం. 1984 జనవరిలో రామారావుగారి ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు, ప్రజల కాగితం ప్రజల చోటికి వస్తుందని మావంటి కుర్రవాళ్ళం సంబరపడ్డాం. మరుసటి ఏడు, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పాలన ప్రజల గుమ్మంలోకి రావాలన్న సంకల్పం మంచిదే, కాదనను. అయితే వెయ్యికి పైబడిన మండలాలకు రాత్రికి రాత్రి గుమ్మాలెక్కడివి? దొరికిన ఇల్లల్లా అద్దెకు తీసుకున్నారు. ఊళ్ళో అద్దెకివ్వగల పక్కా ఇల్లు ఎవరికుంటుంది? ఊరి పెద్దకు. ఆ విధంగా కరణం భోషాణంలోంచి బయటపడిన కాగితం తిన్నగా పెద్దాయన పెరటింట్లోకి వెళ్ళింది. అధికారి ఆయనకు అద్దెకున్నవాడు. కిరాయిదారు ఇంటియజమాని ఎదుట గొంతెత్తి మాట్లాడగలడా? అద్దె ఖర్చు ఖజానా లెక్కలో కనిపిస్తుంది గాని, ఈ లొంగుబాటు ఖర్చు ఏ పద్దులోనూ కనిపించదు.

ఆ పాఠం నేర్చుకున్నామా? తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పైఒకటయ్యాయి, 2019లో మరి రెండు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు ఇరవైఆరయ్యాయి. కొత్త జిల్లాకు కలెక్టరు ముందు వస్తాడు, కచేరీ తరువాత వెతుక్కుంటారు. తెలంగాణలో ఆ తరువాత శాఖలన్నీ ఒకే ఆవరణలో ఉండేలా సమీకృత కలెక్టరేట్లు కట్టారు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకుందాం. కాని అదే రాష్ట్రంలో 2024 అక్టోబరులో, దసరా సెలవులు ముగిసి పిల్లలు పెట్టెలతో తిరిగి వచ్చేసరికి, నెలల తరబడి అద్దె రాని యజమానులు గురుకుల పాఠశాలల గేట్లకు తాళాలు వేశారు. జీవితమంతా బడిలో గడిపినవాణ్ణి. బడి గేటు బయట పెట్టెమీద కూర్చున్న పిల్లను తలచుకుంటే కడుపులో తిప్పుతుంది. యజమానులను నిందించను. వాళ్ళూ బాకీలు తెచ్చి కట్టినవాళ్ళే. సొంత గూడు లేకుండా వందల బడులు తెరిచి, ఆపైన అద్దె కూడా ఇవ్వని ప్రభుత్వాలనే నిందించాలి.

ఇక లెక్క చూద్దాం. నేను తెలుగు పండితుణ్ణి, గణితం నా విషయం కాదు. అయినా కూడికలు, హెచ్చవేతలు వచ్చు. ఒక చిన్న కార్యాలయానికి నెలకు 15,000 రూపాయల అద్దె అనుకోండి. ఏడాదికి 1,80,000. ఒక్క రూపాయి పెంచకుండా ఇరవై ఏళ్ళు కడితే 36 లక్షలు. ఇరవై ఏళ్ళ చివర ప్రభుత్వం చేతిలో మిగిలేది గోడకు తామే కొట్టుకున్న మేకులు. అదీ ఖాళీ చేసేటప్పుడు పీక్కుపోవాలి. ఇది పల్లెపట్టు లెక్క. ఢిల్లీ లెక్క కావాలా? 2025 ఆగస్టులో కర్తవ్య భవన్-3 ప్రారంభిస్తూ ప్రధానమంత్రి స్వయంగా చెప్పినది: రాజధానిలో మంత్రిత్వశాఖల కార్యాలయాల అద్దెకే ఏడాదికి 1,500 కోట్ల రూపాయలు.

దీనికి అర్థశాస్త్రం చదివినవారు ఒక సమాధానం చెబుతారు. "పంతులుగారూ, ఆ 36 లక్షలు ముందే ఇటుకల్లో పోస్తే దానికి వడ్డీ లేదా? మరమ్మతులు లేవా? అద్దెయితే ఎప్పుడంటే అప్పుడు మారవచ్చు. ఇల్లు చూసుకోవడం ప్రభుత్వం పని కాదు, అది నేర్చినవాళ్ళకు వదలాలి." ఈ వాదాన్ని నేను తోసిపారేయను. తాత్కాలిక అవసరానికి అద్దె మంచిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు కర్నూలులో కచేరీలు గుడారాల్లో నడిచాయి. మూడేళ్ళకు హైదరాబాదు వెళ్ళిపోయారు. అక్కడ గుడారమే న్యాయం. కాని నలభై ఏళ్ళుగా అదే మండలంలో, అదే పని చేస్తున్న కార్యాలయం తాత్కాలికమెలా అవుతుంది?

ఆ వాదాన్ని చివరికంటా నమ్మినవారికి ఏమైందో కూడా చూడండి. ఇంగ్లండులో 2001లో పన్నుల శాఖవారు, సుంకాల శాఖవారు కలిసి తమ కచేరీలు సుమారు 600 భవనాలను ఇరవై ఏళ్ళ ఒప్పందంమీద మేప్లీ అనే సంస్థకు అప్పగించి, మళ్ళీ వాటిలోనే అద్దెకు కూర్చున్నారు. చేతికి వచ్చింది 22 కోట్ల పౌండ్లు. ఇల్లు చూసుకునే బాధ వదిలిందని సంతోషించారు. మరుసటి ఏడు సంగతి బయటపడింది: ఆ భవనాలు చేరినది బెర్ముడాలో నమోదైన కంపెనీకి. బెర్ముడా ఎందుకు? అక్కడ పన్నుల బెడద ఉండదు గనుక. పన్ను ఎగవేతను అరికట్టవలసిన శాఖ, పన్ను తప్పించుకునే దీవిలోని కంపెనీకి అద్దె చెల్లించింది! పార్లమెంటులో ఎంత రచ్చ జరిగినా ఒప్పందం ఒప్పందమే, 2021 దాకా నడిచింది. ఒకసారి చేయి జారిన కాణాచి మాటలతో తిరిగి రాదు.

పైగా మన ప్రభుత్వాలకు స్థలం లేదా? ఉంది. అమ్ముకుంటున్నాయి. 2023 ఆగస్టులో హైదరాబాదు శివార్లలోని కోకాపేటలో సర్కారు భూమి వేలం వేస్తే ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 'మిషన్ బిల్డ్' పేరిట విశాఖపట్నం, గుంటూరులలో ప్రభుత్వ స్థలాలను వేలానికి పెట్టగా వ్యవహారం హైకోర్టుకెక్కింది. బిల్డ్ అంటే కట్టడమని నిఘంటువు చెబుతుంది. అమ్మడమని ఏలికల నిఘంటువు కాబోలు. ఉన్న చోటు అమ్ముకుని, లేని చోటికి అద్దె కట్టే గృహస్థును మన ఊళ్ళలో ఏమంటారో నేను రాయనక్కరలేదు.

కట్టినవాటి సంగతి మరొక రోత. హైదరాబాదు సచివాలయంలో ఆరవ నిజాం కాలపు 1888 నాటి కట్టడంతోపాటు, రెండు దశాబ్దాలైనా నిండని బ్లాకులను సైతం 2020 జూలైలో నేలమట్టం చేసి, 617 కోట్ల పాలనానుమతితో కొత్తది మొదలుపెట్టి 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో ప్రజావేదికను 2019 జూన్‌లో కూలగొట్టారు. ఆ వేదికలోనే కలెక్టర్ల సమావేశం జరిపి, కూల్చివేత సంగతి అందులోనే ప్రకటించి మరీ కూల్చారు. అది అక్రమ కట్టడమన్నారు. కట్టినదీ ప్రభుత్వమే, కూల్చినదీ ప్రభుత్వమే. అక్రమం ఎవరిదైనా ఖర్చు మాత్రం మనది. విశాఖ ఋషికొండమీద పర్యాటకశాఖ విడిదిగృహాలను పడగొట్టి వందల కోట్లతో లేపిన భవనాలు, 2024 జూన్‌లో ప్రభుత్వం మారేనాటికి దేనికి కట్టారో తేలకుండానే నిలిచాయి. మధ్యలో రంగుల భాగోతం ఒకటి: ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ కార్యాలయాలకు పాలకపక్షపు జెండా రంగులు పూయడం తగదని 2020 మార్చిలో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టూ కాదనలేదు. పూయడానికొక ఖర్చు, తుడవడానికొక ఖర్చు. ఇందులో ఏ పార్టీవారికీ మినహాయింపు లేదు; వ్యాఖ్యలలో ఒక పక్షం జెండా పట్టుకు రాబోయే మిత్రులు దయచేసి ఈ పేరా మళ్ళీ చదవండి. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒకవైపు మండలానికి గది లేదు, మరొకవైపు ఉన్న మేడ పడగొడతారు. ఇవి రెండు రోగాలు కావు, ఒక్కటే. తాను ఉన్నంతకాలమే ప్రభుత్వమనుకునేవాడికి అద్దె కొంపైనా ఒకటే, కూల్చే మేడైనా ఒకటే. తరువాతివాడికోసం కట్టాలన్న బుద్ధి రెండింటా లేదు.

సరఫరాల సంగతికి వద్దాం. అద్దె కారు తప్పు కాదు. డ్రైవరు, మరమ్మతులు, నూనె, అన్నీ కలిపి చూస్తే ఒక్కొక్కచోట లాభమే కావచ్చు. కాని ఆ కారు ఎవరిదని అడిగి చూడండి. బావమరిదిదో, తోడల్లుడిదో అయితే అది అద్దె కాదు, రెండో జీతం. కొనుగోళ్ళ విషయంలో కేంద్రం 2016లో జెమ్ అనే అంతర్జాల విపణి తెరిచింది. పాత సరఫరాల డైరెక్టరేటును 2017లో మూసివేసింది. ధర పదిమందికీ కనిపించడం మేలే. అయితే మా బడికి ఒకసారి వచ్చిన సుద్దముక్కలు అతితక్కువ ధరకు కొన్నవే. నల్లబల్లమీద గీత పడదు, చేతిలో పిండి అవుతుంది. పెట్టె ధర మిగిలింది, పాఠం మిగల్లేదు. చివరికి మా జేబుల్లోంచి కొనుక్కున్నాం. ఆ ఖర్చు ఏ ఆడిటులోనూ రాలేదు.

మనుషుల సరఫరా అన్నిటికంటె ఘోరం. సుద్దముక్కకు ఆకలి లేదు, అటెండరుకు ఉంది. ఊడ్చే మనిషి, కాపలా మనిషి, మీట నొక్కే మనిషి, అందరూ కంట్రాక్టరు సరుకు. ప్రభుత్వం కంట్రాక్టరుకు ఇస్తుంది, కంట్రాక్టరు తన పాలు తీసుకుని, వీలైనప్పుడు, మిగిలినది మనిషికి ఇస్తాడు. ఈ దళారుల బెడద పడలేకే 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆప్కాస్ అనే సంస్థను తానే పెట్టవలసి వచ్చింది. తన గుమ్మం ఊడ్చే మనిషికి తాను జీతమివ్వడానికి మధ్యలో ఒక సంస్థ! నా శిష్యుడు మూడు నెలల బాకీ గురించి కోపం లేకుండా చెప్పాడు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఇంతవరకు పరులను తిట్టాను. ఇప్పుడు నా వంతు.

నేను చాలాకాలం పనిచేసిన పల్లె బడిలో కొన్నాళ్ళు ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయుణ్ణి. గదులు చాలవు. పక్కనే ఉన్న తన దొడ్లో ముప్పై సెంట్లు ఇస్తానని ఊరి పెద్దరైతు ముందుకు వచ్చారు. మంచి మనిషి, నిజంగానే ఇచ్చారు. ఒక పథకం కింద రెండు గదులు లేచాయి. ప్రారంభం నాడు ఆయన నాతో, "పంతులుగారూ, కాగితమేదో రాయించుకోండి, నేనెంతకాలముంటాను?" అన్నారు. నేను, "మీ మాటే శాసనమండీ" అన్నాను. నలుగురూ చప్పట్లు కొట్టారు. మంచి మాట అన్నానని ఆ రాత్రి నేనే మురిసిపోయాను కూడా.

స్థిరాస్తి దానం చెల్లాలంటే దాత సంతకంతో, ఇద్దరు సాక్షులతో, రిజిస్టరు చేసిన పత్రం ఉండాలని 1882 నాటి ఆస్తిబదిలీ చట్టం 123వ సెక్షను చెబుతోంది. దానధర్మాలమీద పురాణాలు చెప్పగల నాకు ఆ ఒక్క సెక్షను తెలియదు. ఏళ్ళు గడిచాయి. ఆయన పోయారు. దగ్గరలో పెద్దరోడ్డు పడింది, సెంటు ధర పెరిగింది. పట్నంలో ఉండే మనుమడు వచ్చి కాగితం చూపమన్నాడు. మా దగ్గర ఏముంది? నా సుభాషితం ఉంది. ఇన్నేళ్ళుగా అనుభవంలో ఉన్నాం గదా అని కొందరన్నారు. పౌరుడి భూమిమీద ప్రభుత్వం దీర్ఘస్వాధీనం పేరిట హక్కు చెప్పుకోజాలదని 2020 జనవరిలో ఒక తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పౌరుడి పక్షాన అది న్యాయమైన తీర్పు. ఆ మనుమడినీ నేను తప్పుపట్టలేను, చట్టం అతనివైపు ఉంది. ఆ రెండు గదులకు ఇప్పుడు తాళం. మూడు, నాలుగు తరగతుల పిల్లలు పక్కింటి వరండాలో చదువుకుంటున్నారు. దాని అద్దె ఊరివాళ్ళు చందాలు వేసుకుని కడుతున్నారు.

ఒక్క సంతకం. రిజిస్ట్రారు కచేరీకి ఒక్క పూట ప్రయాణం. నేను చేయలేదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. ఆ గొడ్డు మెడపలుపు ఆనాడు నా చేతిలోనే ఉంది.

కనుక నేను కోరేది విప్లవం కాదు, ఒక బోర్డు. ప్రతి సర్కారు కచేరీ గుమ్మానికి, అధికారి పేరు పలక పక్కనే, మరొక పలక ఉండాలి: ఈ స్థలం ఎవరిది? పత్రం సంఖ్య ఏది? అద్దెదైతే యజమాని ఎవరు, నెలకు ఎంత, ఎన్నాళ్ళకు, రోడ్లు భవనాల శాఖవారు ఎంత సబబని తేల్చారు? వాహనం ఎవరిది? మనుషులను సరఫరా చేసేవారు ఎవరు, చివరి జీతం ఏ నెలది? ఇవేమీ రాజరహస్యాలు కావు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ఇటువంటివి అడగకుండానే ప్రకటించవలసినవి. దాతలు నోటిమాటగా ఇచ్చిన బడి స్థలాలన్నిటినీ, దాతలు బతికుండగానే, ప్రభుత్వమే ఖర్చు భరించి రిజిస్టరు చేయించాలి. ముందు ఇది, తరువాత మేడలు.

అడగకుండా చెప్పరు గనుక అడగడం మొదలుపెట్టాను. మండల స్థాయిలో దరఖాస్తు రుసుము అయిదు రూపాయలు. మా మండలంలో అయిదు కార్యాలయాలకు అయిదు దరఖాస్తులు పెట్టాను. రెండింటికి జవాబు వచ్చింది. ఒకరు అద్దె వివరాలు శుభ్రంగా రాసి పంపారు, వారికి నా అభినందనలు. రెండోవారి జవాబు ఒక్క వాక్యం: "సదరు ఒప్పందపత్రము కార్యాలయములో లభ్యము కాలేదు." మిగిలిన మూడింటికోసం ఎదురుచూస్తున్నాను. గడువు దాటితే అప్పీలు చేస్తాను. పింఛనుదారుకు తీరికే ధనం.

మిత్రులారా, మీలో ఎక్కువమంది నాకంటే చిన్నవారు, చురుకైనవారు. మీ ఊళ్ళో ఒక్క కచేరీని ఎంచుకుని, అది ఎవరి చూరు కింద ఉందో కనుక్కుని, ఇక్కడ వ్యాఖ్యగా రాయండి. పది ఊళ్ళ లెక్క ఒకచోట చేరితే దాన్ని పట్టుకుని అడగవచ్చు. బడికి ఎవరైనా స్థలమిస్తామంటే మాత్రం దయచేసి సుభాషితం చెప్పకండి. ఆయన్ను బండెక్కించి రిజిస్ట్రారు కచేరీకి తీసుకువెళ్ళండి. ఆ కచేరీ ఏ వీధికి మారిందో ముందే కనుక్కుని మరీ వెళ్ళండి.

సెలవు.